కుడివైపే అరిగిన స్టీరింగు

నంద్యాలలో ఉన్న మొదటి ఏడాది నా అరచేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. బొగ్గుల వ్యాపారమేమోనని మా ఇంటి ఓనరు భార్య కొన్నాళ్లు అనుమానపడింది. నిజానికి నేను విత్తనాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆ నలుపు నా కారుది. స్టీరింగుకు చుట్టి కుట్టిన తోలు ముసలిదై పెచ్చులు రాలుతుండేది. చెమట తగిలిందంటే ఆ పెచ్చులు చేతికి, చేతి నుంచి చొక్కాకు, చొక్కా నుంచి ముఖానికి ప్రయాణం చేసేవి. నేను చెయ్యి చాపితే రైతులు దూరం నుంచే దండం పెట్టేవాళ్లు. మొదట్లో అది గౌరవమనుకున్నాను.

నా ఉద్యోగం గురించి కొంత చెప్పాలి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే చేనులో ఆడ సాళ్ల పక్కన మగ సాళ్లు వేయాలి. రెండూ ఒకే సమయానికి పూతకు రావాలి. వచ్చాయా లేదా, ఎవరి పక్కన ఎవరున్నారు అని చూసి రావడం నా పని. పొద్దున నంద్యాలలో బయల్దేరి ఆళ్లగడ్డ చుట్టుపక్కల చేలన్నీ తిరిగేవాణ్ణి. పగలంతా మొక్కలకు జతలు చూసి, సాయంత్రం గదికొచ్చి ఒక్కడికి అన్నం వండుకునేవాణ్ణి. ఒక్కడికి సరిపడా బియ్యం పోస్తే కుక్కరు కూడా కూత వేయడానికి ఆలోచిస్తుంది.

మా ఊరు దూరం. నాతో చదివినవాళ్లు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్నారు. వాళ్ల ఫోన్లు మొదట రోజూ వచ్చేవి, తర్వాత పండగలకు వచ్చేవి, ఆ తర్వాత పండగలకు శుభాకాంక్షల బొమ్మలు వచ్చేవి. దాన్ని పెద్ద విషాదమని నేననను. నేనూ బొమ్మలే పంపాను. కాకపోతే కారులో ఎడమవైపు సీటు ఎప్పుడూ ఖాళీ. దాని మీద నా టిఫిన్ బాక్సు కూర్చుని వచ్చేది. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టిఫిన్ బాక్సుతో మాట్లాడేవాణ్ణి. అది ఎదురు చెప్పేది కాదు. చల్లారిపోయేది, అంతే.

కారు పాతది, తెల్లది. నంద్యాలలో ఒక బ్రోకరు దగ్గర కొన్నాను కాబట్టి అసలు ఓనరు ఎవరో నేను చూడలేదు. చూడకపోయినా ఆయన చెయ్యి మాత్రం నాకు బాగా తెలుసు. ఎందుకంటే స్టీరింగు మీద తోలు అంతటా ఒకేలా అరగలేదు. కుడివైపు పైన, ఒక్క చెయ్యి పట్టేంత మేర, తోలు అరిగి అరిగి లోపలి చట్రం కనిపించేది. బొటనవేలు ఆనే చోట చిన్న గుంట కూడా పడింది. ఎడమవైపు పెచ్చులైతే రాలేవి గానీ అరుగుదల లేదు. ఎవరూ పట్టుకోక ఎండకు ఎండిన తోలు అది. అంటే ఆ మనిషి ఏళ్ల తరబడి ఒంటిచేత్తో బండి నడిపాడు.

మరి ఎడమ చెయ్యి ఏం చేసేది? గేరు వేసేదనుకుందామంటే, గేర్లు చూసిన మెకానిక్కు వేరే మాట చెప్పాడు.

"ఈ బండి బతుకంతా మూడో గేర్లోనే గడిచిపోయిందన్నా. నాలుగోది కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాది."

ఇక నాకు పని దొరికింది. ఆళ్లగడ్డ వెళ్లేటప్పుడు ఒక కథ, వచ్చేటప్పుడు ఒక కథ. ఆయన ఎడమ చెయ్యి పక్కన కూర్చున్న భార్య చేతిలో ఉండేదని ఒక కథ. భార్య కాదని ఇంకో కథ. ఎడమ చెయ్యే లేదని మూడో కథ, కానీ అది ఎండ ఎక్కువగా ఉన్న రోజు పుట్టింది. మొత్తానికి ఆ గుంటలో నా బొటనవేలు పెట్టి, పక్క సీట్లో ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకుని, రోజూ ఇద్దరమో ముగ్గురమో వెళ్లొచ్చేవాళ్లం.

శిరివెళ్ల దగ్గర నేను టీకి ఆగే బంకు ఒకటి ఉంది. నడిపేది నడివయసు ఆడమనిషి. నా కారు ఆగగానే ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి వచ్చేది, వంగి ఎడమవైపు సీటులోకి చూసేది. అక్కడ టిఫిన్ బాక్సు కనబడగానే ముఖం మామూలుగా పెట్టుకుని అడిగేది:

"ఈపొద్దు కూడా ఎవరూ రాలేదా అప్పా?"

"లేదక్కా. నేనొక్కణ్ణే."

"సరే, కూర్చో. టీ తాగు."

నాకు ఎవరూ లేరన్న సంగతి శిరివెళ్ల దాకా పాకిందా అని మొదటిసారి కొంచెం కలవరపడ్డాను. తర్వాత అలవాటైంది. రోజుకు ఒక్కసారైనా నా ఒంటరితనం గురించి వాకబు చేసే మనిషి ఉండటం తక్కువ సంగతేమీ కాదు. పైగా టీ బాగుండేది.

ఈ లోపల తోలు సంగతి ముదిరింది. ఫోనులో మా అమ్మకు చెబితే ఒక్క ముక్కలో తేల్చేసింది.

"తోలే గదా, ఆముదం రాయి. మీ తాత చెప్పులకు ఆముదం రాసి రాసి, ఆయప్ప పోయినా చెప్పులు పోలేదు."

రాశాను. దండిగా రాశాను. ఎండిన తోలు పాపం దాహంగా తాగింది. మర్నాడు ఎండెక్కేసరికి తాగిందంతా కక్కింది. చెప్పుకూ స్టీరింగుకూ ఉన్న తేడా మా తాతకు తెలిసే అవకాశం లేదు. చెప్పును మలుపులో ఎవరూ పట్టుకుని తిప్పరు. ఆళ్లగడ్డకు ఇవతల ఒక వంపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. నేను స్టీరింగు తిప్పాను, నా చేతులు మాత్రమే తిరిగాయి. స్టీరింగు ఉన్నచోటే ఉంది. కారు రోడ్డు దిగి మట్టిలో నిలబడింది. గొర్రెలకు ఏమీ కాలేదు, నన్ను చూసి జాలిపడ్డట్టు పక్కకు తప్పుకున్నాయి. కాపరి మాత్రం దగ్గరికొచ్చి కిటికీలోంచి చూశాడు.

"గొర్రెలకే తెలుస్తాంది రోడ్డు యాడుందో. నీకు తెల్దా?"

జిడ్డు పోవడానికి ముఖానికి పూసుకునే పౌడరు చల్లాను. ఆముదం, పౌడరు, రోడ్డు దుమ్ము కలిస్తే ఏమవుతుందో అదే అయింది. అలాగే తీసుకెళ్లి నంద్యాలలో సీటు కవర్లు కుట్టే భాయ్‌కి చూపించాను. ఆయన వేలితో తాకి, వేలు వాసన చూసి, నా ముఖం చూశాడు.

"ఇదేంది సాబ్, స్టీరింగుకు దోసె పోసినావా?"

"బాగు చేయొచ్చా భాయ్?"

"దోసెను ఎట్ల బాగు చేస్తారు? అంతా పీకేయాల. కొత్త తోలు కుడతా. శనివారం తీసకరా. అంతవరకు మెల్లగ పో, పౌడరేసుకొని పో."

పీకేయాలి అనగానే స్టీరింగుకు అడ్డంగా చెయ్యి పెట్టాను. ఇది నాకే నచ్చలేదు. కుళ్లిన తోలు ముక్క. వాసన కూడా వస్తోంది. కానీ అది పోతే ఆ గుంట పోతుంది, గుంటతో పాటు ఆ ఒంటిచేతి మనిషి పోతాడు, ఆయన పక్కన కూర్చున్నవాళ్లు కూడా దిగిపోతారు. శనివారం నుంచి నేనూ టిఫిన్ బాక్సూ మిగులుతాం. పరిచయం లేని మనిషి వేలిముద్ర మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను ఈ జిల్లాలో. ఇంకెవరైనా ఉన్నా వాళ్లు బయటికి చెప్పి ఉండరు.

మర్నాడు శిరివెళ్లలో టీ తాగుతుంటే బంకు ఆమె మామూలు ప్రశ్న అడిగి, దాని వెనకాలే ఇంకోటి అడిగింది.

"పెద్దాయన బాగుండాడా? కండ్లు కనపడతాండాయా ఇప్పుడు?"

"ఏ పెద్దాయనక్కా?"

"నువ్వు ఆయప్ప డ్రైవరువి కాదా? ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే పెద్దాయన బండి గదా ఇది."

కాదని చెప్పాను. కొన్నానని చెప్పాను. ఆమె నన్ను కొత్తగా, కొంచెం నిరాశగా చూసింది.

"అయితే ఇంక ఈ బండ్లో ఎవరూ రారా?"

ఎవరు రావాలో తెలిస్తే కదా చెప్పడానికి. పెద్దాయన పని చేసే చోటు మాత్రం అడిగి తెలుసుకున్నాను.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే చోటు కనుక్కోవడం కష్టం కాదు. చెవులు చెబుతాయి. రోడ్డు పక్కన రేకుల కొట్టాల కింద దేవుళ్లు వరుసగా నిలబడి ఉంటారు, కొందరికి ఇంకా ముఖాలు ఉండవు. మెషిన్లు గుయ్యిమంటుంటాయి, తెల్లటి దుమ్ము ఆకుల మీద, మనుషుల మీద సమానంగా పడుతుంటుంది. నేను కారు ఆపగానే లోపల ఒక పెద్దాయన ఉలి చప్పుడు ఆపాడు. కళ్లకు దళసరి అద్దాలు. నన్ను చూడలేదు, కారు చప్పుడు విన్నాడు.

"మూడో గేర్లోనే వస్తాండావే. నాలుగోది పని చేస్తాది. నేనే వాడలేదు."

అలా పరిచయమయ్యాం. ఆయన కారు దగ్గరికొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందిది?"

"ఆముదం, పెదనాయనా."

"ఆముదమా. దీనికి విరేచనాలు కాలేదు గదా?"

నేను వచ్చిన పని చెప్పాను. కుడివైపే ఎందుకు అరిగిందని అడిగాను. నా కథల్లో భార్య కథ ఒక్కటి, అది కూడా మర్యాదగా కోసి చెప్పాను. ఆయన దుమ్ము దులుపుకుంటూ విన్నాడు.

"మా ఆడమనిషి ఈ బండెక్కితే వెనక సీట్లో పడుకుంటాది. ఆయమ్మ చెయ్యి పట్టుకుంటే తిడతాది గూడా. ఎడమ చెయ్యి దేవుని మోకాలి మీద ఉండేదప్పా."

పెద్ద విగ్రహాలు లారీలో గడ్డి మీద పడుకుని పోతాయట. చిన్నవి, ఇళ్లకూ వీధి గుళ్లకూ చేసేవి, ఆయనే కారులో తీసుకెళ్లి దింపి వచ్చేవాడట. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని. బ్రేకు వేసినప్పుడు ముందుకు తూలకుండా ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి. చెయ్యి తీస్తే ప్రమాదం కాబట్టి గేరు మార్చడు. ఊరు దాటాక మూడోది వేస్తే, టీకి ఆగితే తప్ప, మళ్లీ దించే ఊరు వచ్చేదాకా మూడోదే. చేతికి ఎప్పుడూ రాతిపొడి ఉంటుంది కాబట్టి కుడివైపు తోలు గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగిపోయింది.

"డిక్కీలో గడ్డి పరిచి పెట్టొచ్చు కదా?" అన్నాను.

"దేవున్ని డిక్కీలో ఏస్తారా?"

"గుళ్లో ప్రతిష్ఠ చేసేదాకా రాయే కదా పెదనాయనా."

"రాయే. నువ్వూ ఉద్యోగం రాకముందు ఉత్త పిల్లోడివే గదా. డిక్కీలో ఏసకపోయినారా మీ ఇంట్లోవాళ్లు?"

"సీటు బెల్టు పెట్టొచ్చు."

"కట్టేసి తీసకపోతే దొంగను పట్టకపోతాండట్టు ఉంటాది. గమ్మునుండు."

శిరివెళ్ల బంకు ఆమె రోజూ ఎడమ సీటులోకి వంగి ఎవరికోసం చూసేదో అప్పుడు అర్థమైంది. నా ఒంటరితనం గురించి వాకబు చేస్తున్న ఒకే ఒక్క మనిషి అసలు నా గురించి అడగనే లేదు. నా టిఫిన్ బాక్సు కూర్చున్నది వినాయకుళ్లూ ఆంజనేయులూ కూర్చున్న సీటు. వాళ్లకేమీ అనిపించి ఉండదు. నాకు మాత్రం బాక్సు మీద కొంచెం గౌరవం పెరిగింది.

కళ్లు మసకబారాక బండి నడపొద్దని డాక్టరు చెప్పాడట, అందుకే అమ్మేశాడట. కొడుకులు పనిలోనే ఉన్నారు గానీ వాళ్లకు మెషిన్ల దగ్గర తీరిక లేదు. కొట్టం మూలన తువ్వాలు కప్పుకుని నల్లరాతి వినాయకుడు ఒకడు కూర్చుని ఉన్నాడు. మూర కంటే కొంచెం తక్కువ, తొండం బాగా ముందుకు వచ్చింది. నంద్యాలలో ఒక వీధి గుడికి పోవాలి. తయారై చాలా రోజులైంది.

"బస్సులో కాళ్ల కాడ పెట్టుకొని పోలేం. ఆటోలో అదుర్తాది," అన్నాడు పెద్దాయన, ఉలి వైపు చూస్తూ. "నువ్వు నంద్యాలకే గదా పోతాండేది."

"పెదనాయనా, ఆ స్టీరింగు రెండు చేతులకే జారుతోంది."

"తొండం కొస విరిగిందనుకో, ఇంక పూజకు పనికిరాడు. మళ్లీ రాయి తెచ్చి మొదట్నుంచి చెక్కాల. ఈసారి నా కండ్లు పని చేస్తాయో లేదో తెల్దు." ఆగి, మళ్లీ అన్నాడు. "నువ్వు జారితే ఏం కాదు. వాన్ని జారనియ్యొద్దు."

కొడుకులు ఎత్తి సీట్లో పెట్టారు. టిఫిన్ బాక్సు వెనక సీటుకు మారింది. పెద్దాయన నా ఎడమ చెయ్యి పట్టుకుని, మోకాలి మీద ఎక్కడ ఆనించాలో ఆనించి చూపించాడు. రాయి చల్లగా ఉంది. ఆయన చెయ్యి గరుగ్గా ఉంది. ఒక మనిషి నా చెయ్యి అంతసేపు పట్టుకుని చాలా కాలమైందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. పట్టుకున్నది చోటు చూపించడానికని వెంటనే గుర్తుచేసుకున్నాను.

ఊరు దాటి మూడో గేరు వేశాను. ఇక వేరే దారి లేదు కాబట్టి, ఆముదం రాసినప్పటి నుంచి పట్టుకోవడం మానేసిన ఆ గుంటలో కుడిచెయ్యి పెట్టాను. అప్పుడు తెలిసింది. స్టీరింగు మొత్తంలో జారనిది అదొక్కటే చోటు. ఆముదం తాగడానికి అక్కడ తోలు మిగల్లేదు. లోపలి చట్రం పొడిగా, గట్టిగా ఉంది. బొటనవేలు గుంటలో ఇమిడి, నాలుగు వేళ్లు వెనకనుంచి పట్టుకుంటే బండి ఒంటిచేతికి మాట వింటోంది. ఇన్నాళ్లూ నేను దాన్ని చిరుగు అనుకున్నాను.

నా వెనక లారీలు హారన్లు కొట్టి, తిట్టి, దాటిపోయాయి. దాటుతూ కిటికీలోంచి చూసి తిట్టు సగంలో ఆపి దండం పెట్టిన డ్రైవరు ఒకడున్నాడు. శిరివెళ్లలో బంకు ఆమె వంగి చూసింది. లోపలికి పరిగెత్తి చేతులు కడుక్కుని వచ్చి దండం పెట్టుకుంది.

"వచ్చినాడు," అంది, నాతో కాదు.

ఆమె గ్లాసు నా కుడిచేతికి అందించింది. ఎడమ చెయ్యి మోకాలి మీదే ఉంచి తాగాను.

అక్కడ బయల్దేరిన కాసేపటికి ముందు పోతున్న బస్సు, చెయ్యెత్తిన ఎవరో ఆడవాళ్ల కోసం ఉన్నట్టుండి ఆగిపోయింది. బ్రేకు తొక్కాను. రాయి బరువంతా నా అరచేతి మీదికి వచ్చింది. మణికట్టు విరిగిందనుకున్నాను. కుడిచెయ్యి ఒక్కటే స్టీరింగును పక్కకు లాగింది, కారు బస్సు పక్కనుంచి వంగి బయటపడింది. ఆ గుంట లేకపోతే మేమిద్దరం బస్సు వెనక నిచ్చెన ఎక్కేవాళ్లం. పక్కకు తిరిగి చూశాను. తొండం ఉంది. తువ్వాలు ఒక భుజం మీదికి జారింది.

"ఏం కాలేదులే," అన్నాను పైకే. పక్కన ఒకరుంటే మనిషి ధైర్యం చెప్పడం ఎంత తొందరగా నేర్చుకుంటాడో. తర్వాత నంద్యాల దాకా చేల గురించి, మా మేనేజరు గురించి, ఒక్కడికి వండే అన్నం గురించి చెబుతూ వచ్చాను. ఆయన చెవులు పెద్దవి. విన్నాడనే అనుకుంటున్నాను.

వీధి గుడి దగ్గర పది పన్నెండు మంది ఎదురుచూస్తున్నారు. తలుపు తీసి, హారతి ఇచ్చి, ఎత్తుకుపోయారు. ఒకాయన వెనక్కి తిరిగి నా చేతిలో రెండు అరటిపండ్లు పెట్టాడు.

"ఎవరప్పా నువ్వు?"

"డ్రైవర్ని."

ఆయన తల ఊపి లోపలికి పోయాడు. నేను కారులో కూర్చున్నాను. ఎడమ సీటులో గుండ్రటి పల్లం ఉంది. చూస్తుండగానే స్పాంజి మెల్లగా పైకి లేచింది, పూర్తిగా లేచాక అది మామూలు సీటైపోయింది. అరటిపండ్లు అక్కడ పెట్టాను. ఒకటి తిన్నాను. ఏడవాల్సిన సందర్భంలా ఉంది గానీ నోట్లో అరటిపండు ఉంటే ఏడుపు కుదరదు.

పెద్దాయనకు ఫోను చేసి క్షేమంగా దింపానని చెప్పాను.

"తొండం?"

"ఉండాది."

"సరే. ఇంకోటి చెక్కుతాండా, ఆంజనేయుడు. అయితే పిలుస్తా," అని పెట్టేశాడు.

శనివారం భాయ్ దగ్గరికి వెళ్లాను. కత్తి తీసి తోలు కోయబోతుంటే ఆపాను.

"భాయ్, అంతా కొత్తది కుట్టు. కుడివైపు పైన ఈ జానెడు మాత్రం ముట్టుకోవద్దు."

ఆయన కత్తి దించి ఆ చోటు చూశాడు, నన్ను చూశాడు.

"బాగున్న కాడ కొత్తది ఏసి, చినిగిన కాడ వదిలిపెట్టాల్నా? మీ కంపెనీలో విత్తనాలు గూడా ఇట్లనే ఏస్తారా సాబ్?"

"అంతే భాయ్."

"అందుకే పంటలు ఇట్ల ఉండాయి," అని గొణుక్కుంటూ కుట్టాడు. బాగా కుట్టాడు. గుంటకు రెండువైపులా తోలు అంచులు నున్నగా మడిచి, నా పిచ్చికి ఒక పద్ధతి తెచ్చాడు.

ఇప్పుడు నా చేతులు నల్లగా లేవు. రైతులు చెయ్యి కలుపుతున్నారు. శిరివెళ్ల బంకు ఆమె వంగి చూసి అదే ప్రశ్న అడుగుతుంది, ఎవరిని అడుగుతోందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి "ఇంకా లేదక్కా, చెక్కుతాండారంట" అంటాను. ఆంజనేయుడంటే నిలబడి ఉంటాడేమో, సీట్లో ఎలా పెట్టాలో అని ఒకటి రెండుసార్లు ఆలోచించాను. ఫోను ఇంకా రాలేదు.

నాలుగో గేరు ఉందని తెలిసినా మూడోదే వేస్తున్నాను. ఎడమ చెయ్యి టిఫిన్ బాక్సు మీద ఉంటుంది. పెరుగన్నం పడిపోతే మధ్యాహ్నానికి కష్టం.